టీసీలో నేను రాయని కారణం

2017 జూన్ రెండో వారంలో ప్రిన్సిపాల్‌గా పదోన్నతి మీద మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక బాలికల గురుకులంలో చేరాను. అంతకుముందు పందొమ్మిదేళ్లు నల్లగొండ జిల్లాలో జీవశాస్త్రం చెప్పాను. గురుకులం ఉన్న ఊరి పేరు రాయను. జరిగినదాంట్లో ఆ ఊరి తప్పు లేదు. కొత్తగా మంజూరైన బడి కాబట్టి సొంత భవనం లేక, మూతపడ్డ ఒక ఇంజినీరింగ్ కాలేజీని కిరాయికి తీసుకున్నారు. మెషిన్లు పీకేసిన వర్క్‌షాప్ షెడ్డు మాకు భోజనశాల అయింది. దాని నేల మీది నూనె మరకలు ఎంత కడిగినా పోలేదు.

గురుకులం ప్రిన్సిపాల్ అంటే పాఠాలు చెప్పించే మనిషని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి సగం రోజు వంటగదిలోనే పోతుంది. కూరగాయలు తూకం వేయించి దించుకోవాలి. వండినదాన్ని పిల్లలకంటే ముందు రుచి చూసి రిజిస్టర్‌లో సంతకం చేయాలి. ఏ పూట ఏ టీచర్‌కు మెస్ డ్యూటీ ఉందో బోర్డు మీద రాయించాలి. ఇవన్నీ నేను శ్రద్ధగానే చేశాను. వాటికి తోడు నా సొంత నియమం ఒకటి పెట్టాను. పిల్లలు వరుసల్లో కూర్చుని తినాలి, తిన్నాక ఖాళీ పళ్లెం డ్యూటీ టీచర్‌కు చూపించి లేవాలి. వరుసలో ఒక్క పళ్లెంలో మెతుకులున్నా ఆ వరుస అంతా కూర్చోవలసిందే.

ఆ నియమం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మా ఊరు హాలియా పక్కన. కాలువ నీళ్లు మా ఊరికి వచ్చాయి గానీ పొలం మాది కాదు. అమ్మ నాట్లకూ కోతలకూ కూలికి పోయేది. కోసిన మడిలో రాలిన గింజలు ఏరుకొచ్చి అవ్వ దంచితే ఆ బియ్యంతో మాకు కొన్ని రోజులు గడిచేవి. అందుకే అన్నం పారేసే పిల్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ మంటకు నేను క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాను.

ఎనిమిదో తరగతిలో షాద్‌నగర్ వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉండేది. పేరు మార్చి మంజుల అంటాను. తండ్రి ఒక ఫ్యాక్టరీలో రోజుకూలీ. పిల్ల చదువులో చురుకు, మాట మాత్రం కొంచెం ముక్కుతో వచ్చేది. జలుబు అనుకున్నాను. మెస్ డ్యూటీ టీచర్లు ఆ పిల్ల మీద తరచూ ఫిర్యాదు చేసేవారు. తినడానికి అందరికంటే రెట్టింపు సేపు తీసుకుంటుందని, గోడ వైపు తిరిగి కూర్చుంటుందని, గుడ్డు పక్క పిల్లకు ఇచ్చేస్తుందని, తిన్న వెంటనే వెనక కుళాయి దగ్గరికి పరుగెత్తుతుందని. ఆమె వల్ల వరుస అంతా ఆలస్యమయ్యేది. తోటి పిల్లలు విసుక్కునేవారు. ఒకరి గుడ్డు ఒకరు తినకూడదని నేను అసెంబ్లీలో, పేరు చెప్పకుండా, అందరికీ అర్థమయ్యేటట్టు హెచ్చరించాను.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచాక ఒక రోజు ప్రాంతీయ అధికారి తనిఖీకి వచ్చారు. ఆయన మా మీద అయిదారు జిల్లాలకు పెద్ద. మధ్యాహ్నం భోజనశాలకు తీసుకెళ్లి నా ఖాళీ పళ్లేల పద్ధతిని గొప్పగా చూపించాను. ఆయన వరుసల మధ్య నడుస్తూ మంజుల దగ్గర ఆగారు. పళ్లెంలో అన్నం లేదు, గుడ్డు పచ్చసొన మాత్రం అట్లాగే ఉంది.

ఇదెందుకు వదిలేసినవమ్మా అని ఆయన మెల్లగానే అడిగారు. పిల్ల జవాబు చెప్పేలోపు నేను అందుకున్నాను. "నఖ్రాలు సార్. ఇంటికాడ దొరకనిది ఈడ దొరుకుతాందని విలువ తెలుస్తలేదు. తినవే, సార్ చూస్తున్నరు."

మంజుల నా వైపు ఒకసారి చూసి పచ్చసొన మొత్తం నోట్లో పెట్టుకుంది. నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపింది, గ్లాసు ఖాళీగా ఉంది. మరుక్షణమే పొలమారింది. దగ్గుతోపాటు పచ్చటి ముద్ద ముక్కులోంచి వచ్చింది. కళ్ల నిండా నీళ్లు. ఎవరికైనా పొలమారితే మనవాళ్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. నడినెత్తి మీద చేత్తో తట్టి, గట్టిగా, అధికారికి వినపడేటట్టు, "ఎవరో యాది జేసుకుంటున్నరే నిన్ను" అన్నాను. ఆయన నవ్వారు. ఆయన నవ్వారని నేనూ నవ్వాను. మేం నవ్వాక పిల్లలకు అడ్డేముంది, షెడ్డంతా నవ్వింది. మంజుల చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. పళ్లెం చూపించకుండా లేచిందని డ్యూటీ టీచర్ ఆమె పేరు రాసుకుంది.

సాయంత్రం అధికారి వెళ్లిపోయాక మా స్టాఫ్ నర్సు ఒక కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అడ్మిషన్ నాడు ప్రతి పిల్లకూ రాయించే ఆరోగ్య కార్డు అది. అందులో డాక్టర్ రాసింది నాలుగు ముక్కలే. పుట్టుకతో అంగిలి చీలిక. చిన్నప్పుడు ఆపరేషన్ అయింది. చిన్న రంధ్రం మిగిలింది. తిన్నది ముక్కులోకి పోయి ఇరుక్కుంటుంది, మెల్లగా తిననివ్వాలి. కింద ఆకుపచ్చ సిరాతో నా సంతకం ఉంది. కట్టలు కట్టలుగా వచ్చిన కార్డుల మీద చదవకుండా చేసిన సంతకాల్లో అదొకటి. నోటికీ ముక్కుకూ నడుమ అంగిలి గోడలాగా ఉంటుందని పందొమ్మిదేళ్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన మనిషిని నేను. ఆ గోడకు చిల్లి ఉన్న పిల్ల నా ఎదుట నాలుగు నెలలు అన్నం తింటే గుర్తుపట్టలేదు.

మంజులను ఆఫీసుకు పిలిపించాను. తప్పు ఒప్పుకోవాలనే పిలిపించాను, నోట్లోంచి వచ్చింది వేరే. ముందే ఎందుకు చెప్పలేదని గద్దించాను.

"అమ్మ చెప్పింది మేడం, జాయినైన నాడు. మీరు సరే సరే అన్నరు" అంది, తల వంచుకునే.

ఆ తల్లి నాకు లీలగా గుర్తొచ్చింది. అడ్మిషన్ల రద్దీలో నా బల్ల పక్కన నిలబడి, మా పిల్ల జర మెల్లగ తింటది మేడం అని చెప్పిన ఆమె. నాకు ఆ రోజు వందమందితో పని. అందరు తల్లులూ తమ పిల్ల గురించి ఏదో ఒకటి చెప్పేవారే.

తప్పు దిద్దుకుందామని మర్నాటి నుంచి ఒక ఏర్పాటు చేశాను. వంటగది గుమ్మం పక్కన ఒక చిన్న బల్ల, ఒక స్టూలు, విడిగా పళ్లెం, చెంబు నిండా నీళ్లు. మంజుల అక్కడ కూర్చుని ఎంతసేపైనా తినవచ్చు. ఆ ఉత్తర్వు మెస్ రిజిస్టర్‌లో కూడా రాశాను. అది దయ అనుకున్నాను. ఆ బల్ల అన్ని వరుసలకూ ఎదురుగా ఉందని నాకు తట్టలేదు. మా అమ్మ పటేలు ఇంటి వెనక చూరు కింద, తన పళ్లెం తాను తీసుకుపోయి తిన్న మనిషి. పక్కన కూర్చోబెట్టి విడిగా పెట్టడమంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా నా చేతులతోనే ఆ బల్ల వేయించాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

మంజుల ఆ స్టూలు మీద ఒక్క పూట కూర్చుంది. మిగతా పూటలు ఆకలి లేదంది. ఆదివారం తల్లిదండ్రులను చూడనిచ్చే రోజు. తండ్రి వచ్చి ఇంటికి తీసుకుపోతానన్నాడు. అవుట్‌పాస్ ఇచ్చాను. ఆమె తిరిగి రాలేదు. నేను వాళ్లింటికి పోవలసింది. పని ఉందని ఒక టీచర్‌ను పంపాను, ఆమె ఉత్త చేతులతో వచ్చింది.

వారం తర్వాత తండ్రి బిడ్డను వెంటబెట్టుకుని టీసీ కోసం వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఈసారి నిజంగానే అడిగాను, ఇంట్లో ఎట్లా తింటుందని. అతను నిమ్మళంగా చెప్పాడు. అన్నం పెరుగుతో మెత్తగా కలిపి పెడతారట. ముద్ద చిన్నగా ఉండాలి, ముద్దకో గుక్క నీళ్లు. పల్లీలు, నువ్వులు, పచ్చసొన దగ్గరికి రానివ్వరు, పొడిపొడిగా పోయి ముక్కులో ఇరుకుతాయి. ఒక్కోసారి మెతుకు రెండు రోజులు లోపలే ఉండి వాసన వస్తుందట. అందుకే బడిలో వెనక బెంచీ మీద కూర్చుంటుందట. తిన్నాక ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లు ముక్కుతో పీల్చి వదులుతుంది. బడిలో అవి దొరక్క కుళాయి దగ్గరికి పరుగెత్తేది.

"ఇంకోటి మేడం," అన్నాడు. "ఆమె బువ్వ తినేటప్పుడు మా ఇంట్ల ఎవ్వరం ఆమె మొకం దిక్కు చూడం. మాట్లాడుకుంట మా పని మేం చేసుకుంటం. చూడకపోతె ఆమెకు పొలమారదు. గదే మందు."

ఉండమని అడిగాను. బల్ల తీయిస్తానని, నియమం ఎత్తేస్తానని, పెద్ద దవాఖానకు రాసి ఆ రంధ్రం మూయించే ఏర్పాటు చేయిస్తానని చెప్పాను. మూడూ చేయగలిగినవే. తండ్రి బిడ్డ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

టీసీ పుస్తకం నేనే తెరిచాను. బడి ఎందుకు విడిచిందో రాయడానికి అందులో ఒక గడి ఉంటుంది. కలం పట్టుకున్నాను. నిజం రాస్తే అది నా మీద నేను రాసుకున్న నేరపత్రం అవుతుంది. పై అధికారులు అడుగుతారు. అందరం రాసే మాటే ఇంగ్లీషులో రాసి సంతకం చేశాను.

మంజుల టీసీ తీసుకుని నిలబడే చదివింది. ఏం రాసిండ్రు బిడ్డా అని తండ్రి అడిగాడు.

"తల్లిదండ్రుల కోరిక మీద అని రాసిండ్రు."

"నువ్వు బడి మానాలని మనమెప్పుడు కోరినం?"

ఆ పిల్ల కాగితం మడిచి తండ్రి జేబులో పెట్టింది. "గట్లనే రాస్తరు బాపు. నడువు."

తర్వాత నా సర్వీసులో ఖాళీ పళ్లెం నియమం మళ్లీ పెట్టలేదు. ఆరోగ్య కార్డు చదవకుండా సంతకం చేయలేదు. అడ్మిషన్ల రోజు ఒక్కో తల్లికీ ఒక కుర్చీ వేసి, చెప్పింది రాసుకున్నాను. ఇవన్నీ ప్రిన్సిపాల్‌గా చేరిన మొదటి రోజే చేయవలసిన పనులు. ఆలస్యంగా నేర్చుకున్నందుకు నష్టం నాకు కాలేదు, మంజులకు అయింది. టీసీ పుస్తకంలో సగం కాగితం చింపి ఇస్తాం, మిగతా సగం బడిలోనే ఉంటుంది. ఆ గడిలో ఉన్న మాట అబద్ధం. చేతిరాత నాది.