సొంత మోకాళ్ళ ప్రయాణం

నిన్న ఉదయం మా ఆఫీసు లిఫ్టులో ఎవరో తెలుగు పెద్దాయన నా బ్యాడ్జి మీద పేరు చదివి, నవ్వి, “పైకా అమ్మా, కిందికా?” అని అడిగారు. నేను వెళ్ళాల్సింది పద్నాలుగో అంతస్తుకి. నోట్లోంచి మాత్రం “కిందికండీ” అని వచ్చింది. ఆయన శ్రద్ధగా మీట నొక్కారు. తప్పు చెప్పానని సరిదిద్దుకునే ధైర్యం లేక ఆయనతోపాటు కార్ పార్కింగ్ దాకా దిగి, ఆయన కారు కదిలాక ఒక్కదాన్నే మళ్ళీ పైకి వచ్చాను. కొత్తవాళ్ళు పలకరిస్తే తడబడటం నాకు చిన్నప్పటినుంచీ ఉంది. కానీ పైకీ కిందికీ దగ్గర తడబడటం మాత్రం మొదలై ఇంకా మూడేళ్ళు కాలేదు. అది గ్రాండ్ కాన్యన్ ప్రయాణం ప్లాన్ చేసిన ఏడాది నుంచి మొదలైంది.

అప్పుడు నేనూ నా రూమ్మేటూ కెనడాలో, బర్నబీ అనే ఊళ్ళో, ఒక తెలుగువాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. పైన ఇంటివాళ్ళు, అంటే గుంటూరు వైపు ఆంటీ, మాట తక్కువ అంకుల్, ఇంగ్లీషులో తప్ప జవాబు చెప్పని పదహారేళ్ళ కూతురు. మా కప్పు మీద ఆంటీ నడక నాకు గడియారం కంటే బాగా తెలుసు. ఒక అడుగు గట్టిగా, రెండోది ఈడ్చినట్టు, మధ్యలో కుర్చీ పట్టుకుని ఆగిన చప్పుడు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, మార్చాలన్నారు డాక్టర్లు. వెయిటింగ్ లిస్టులో పేరుంది. ఫోను ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆవిడ దానికి దిగులు పడలేదు గానీ ఒక జనవరి సాయంత్రం, బయట వాన పడుతుంటే, మా ఇద్దరినీ పైకి పిలిచి పకోడీల పళ్ళెం ముందు పెట్టి తన కోరిక చెప్పారు. “ఇవి నా సొంత మోకాళ్ళు. యాభై ఎనిమిదేళ్ళు మోశాయి. కోసి తీసేసే లోపల వీటితో ఒక్క పెద్ద నడక నడవాలమ్మా. ఆ గ్రాండ్ కాన్యన్‌కి పోదాం. నదిలో కాళ్ళు పెట్టి రావాలి.”

నా రూమ్మేట్ నిజామాబాద్ అమ్మాయి. దేనికైనా ముందు సరే అని తర్వాత ఆలోచిస్తుంది. “మస్తు ఉంటది ఆంటీ, పోదాం!” అంది పకోడీ నములుతూనే. అమెరికా వీసాలు మా ఇద్దరికీ ఉన్నాయి. లాస్ వేగస్ దాకా విమానం, అక్కడినుంచి అద్దె కారు, ఏప్రిల్ ఆఖరి వారం. ఈ మూడూ పకోడీలు అయిపోయేలోగా తేలిపోయాయి. నడక వివరాలు మాత్రం నాకు అప్పగించారు. “నువ్వు ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తూ ఉంటావుగా, ఇది కూడా రాయి,” అన్నారు ఆంటీ. నా డైరీ సంగతి ఆవిడకెలా తెలుసో నాకు తెలియదు. కానీ ఈ దేశం వచ్చాక నన్ను నమ్మి ఎవరైనా ఒక పని అప్పగించడం అదే మొదటిసారి. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

లైబ్రరీ నుంచి గైడ్‌బుక్కులు మూడు తెచ్చాను. చదివేకొద్దీ గందరగోళం పెరిగింది. సౌత్ రిమ్ అట, నార్త్ రిమ్ అట. ఈ గట్టున నిలబడితే ఆ గట్టు కనబడుతుందట, కారులో పోవాలంటే నాలుగు గంటల పైచిలుకట. “రిమ్ అంటే ఏందే? సైకిల్ రిమ్మా?” అని రూమ్మేట్ అడిగితే, అవును, అలాంటిదే అన్నాను. నిజానికి అంతకంటే మంచి వివరణ ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ కాన్యన్ ఉన్న అరిజోనావాళ్ళు ఎండాకాలానికి గడియారాలు గంట ముందుకి మార్చరని ఒకచోట ఉంది. మనం మారుస్తాం కదా, మరి మనం ముందా వాళ్ళు ముందా అని అంకుల్ ఒక ఆదివారమంతా కాగితం మీద బాణాలు గీశారు. చివరికి ఇద్దరి టైమూ ఒకటేనని తేలింది. అంత కష్టపడ్డాక ఒకటే కావడం ఆయనకి నచ్చలేదు.

ఇంత గందరగోళంలోనూ మా ఇంట్లో అందరికీ స్పష్టంగా ఉన్నది ఒక్కటే: నడక అంటే కొండ ఎక్కడం. ఆంటీ పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి ఏడుసార్లు తిరుమల మెట్లు ఎక్కారు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఏ రాయి మీద కూర్చోవాలో, నిమ్మకాయ ఎక్కడ చప్పరించాలో ఆవిడ చెబుతుంటే మేము వినేవాళ్ళం. క్రమంగా కాన్యన్ పేరే మారిపోయింది. “కొండకి ఎన్ని రోజులుందమ్మా?” అనేవారు. “కొండ మీద చలి ఉంటుందా?” అనేవారు. నేనూ డైరీలో పై వరుసలో ‘కొండ’ అనే రాసుకున్నాను. ఎక్కడానికి దిగేదానికన్నా రెట్టింపు టైము పడుతుందని పుస్తకంలో ఉంది. అది చూసి నీటుగా పట్టిక వేశాను. ఉదయం ఆరింటికి బయలుదేరడం. ఎక్కడం ఎనిమిది గంటలు. పైకి చేరాక పులిహోర, విశ్రాంతి. దిగడం నాలుగు గంటలు. ఒక్క రోజులో నది దాకా పోయి రావద్దని పుస్తకంలో పెట్టె కట్టి మరీ హెచ్చరించారు. అది ఏడుసార్లు మెట్లెక్కని వాళ్ళ కోసమని అనుకున్నాను. ఫొటోల్లో అంత పెద్ద లోయ కళ్ళెదుట ఉన్నా, చెవిలో ఉన్న కొండే గెలిచింది.

మార్చిలో ఒక సాయంత్రం ఆంటీ నా పట్టికని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించి వచ్చినవాళ్ళకి చూపిస్తున్నారు. కూతురు పాల కోసం వచ్చి, ఫ్రిజ్ తలుపు తెరవబోయి, ఆగి చదివింది. “మమ్మీ, ఇట్స్ నాట్ ఎ మౌంటెన్. ఇట్స్ ఎ హోల్,” అని పాలు తీసుకుని వెళ్ళిపోయింది. “చూడమ్మా దీని వెటకారం, అంత గొప్ప చోటుని బొక్క అంటుంది!” అని ఆంటీ నవ్వారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే బేస్‌మెంట్ మెట్ల వైపు నడిచాను.

కిందికి వచ్చి డైరీలో ఉన్న పట్టిక మళ్ళీ చూశాను. అంకెలన్నీ సరైనవే, వరుస తిరగబడింది. కారు ఆపేది పైన, నది ఉన్నది కింద. ముందు దిగాలి, ఆనక ఎక్కాలి. కొండ మీద అలిసిపోతే వెనక్కి తిరగొచ్చు, మిగిలింది తేలిక దారే. ఇక్కడ అలిసిపోయే సమయానికి అసలు పని ఇంకా మొదలు కూడా కాదు. పైగా అరిగిన మోకాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధ. ఆంటీ వాకిట్లో మెట్లు దిగేటప్పుడే కదా ఒక్కో మెట్టు దగ్గరా ఆగేది! మధ్యాహ్నపు ఎండంతా ఆవిడకి ఎక్కే దారిలోనే తగులుతుంది, పొద్దుటి చల్లదనంలో ఎక్కుతారని రాసింది నేనే.

చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. రూమ్మేట్‌తో చెబితే, “నువ్వే చెప్పాలె, పట్టిక నీదే గద,” అంది. ఐదో రోజు పైకి వెళ్ళాను. ఆంటీ వంటింట్లో గోంగూర వలుస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాడలు వలిచి, “ఆంటీ, అక్కడ ముందు దిగాలి,” అన్నాను.

“కారు దిగాలా?”

“కాదండీ. లోయలోకి. తర్వాత ఎక్కాలి.”

ఆవిడ చేతిలో కాడ ఆగింది. “అంటే ఎక్కడం ఆఖర్నా? కాళ్ళు అరిగాకా?”

“అవునాంటీ.”

“ఇదెక్కడి తలకిందుల కొండే!” అని గట్టిగా నవ్వారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. “మనింటికి పారాయణానికి వచ్చే వాళ్ళందరికీ చెప్పేశానే, నదిలో కాళ్ళు పెట్టి వస్తానని. జనవరిలో తెలియలేదా నీకు? అన్ని పుస్తకాలు చదివావు!” నేను మిగిలిన కాడలు వలిచేసి కిందికి వచ్చాను. రెండు రోజులు కప్పు మీద నడక వినబడింది గానీ పిలుపు వినబడలేదు.

మూడో రోజు బేస్‌మెంట్ మెట్ల మీద చప్పుడైంది. మేమున్న ఏడాదిలో ఆవిడ కిందికి రావడం అదే మొదలు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ పాపాయిలా దిగి, నా మంచం మీద కూలబడ్డారు. “నది వద్దులే. ఎంత దూరం దిగితే నేను తిరిగి ఎక్కగలనో లెక్క కట్టు. అంతే దిగుదాం.”

లెక్క కట్టడానికి మా దగ్గరే ఒక కొండ ఉంది, యూనివర్సిటీ ఉన్న కొండ. అందరూ కిందినుంచి పైకి నడుస్తారు. మేము అంకుల్ చేత కారులో పైన దింపించుకుని, కిందికి నడిచి, మళ్ళీ పైకి ఎక్కేవాళ్ళం. అంకుల్ పైనే బెంచీ మీద ఫ్లాస్కుతో కూర్చునేవారు. మొదటి ఆదివారం దిగడానికి పన్నెండు నిమిషాలు, ఎక్కడానికి నలభై. ఆవిడ ఎక్కే దారిలో ప్రతి చెట్టునీ తిట్టారు. ఏప్రిల్ లోపల ఇది మెరుగు కాదనిపించి, అక్టోబరుకి మార్చుకుందామని అన్నది నేనే. శరదృతువే మంచి కాలమని మూడు పుస్తకాలూ ముక్తకంఠంతో చెప్పాయి. ఎండ తగ్గుతుంది, అప్పటికి కాళ్ళూ అలవాటు పడతాయి. అంకుల్ టిక్కెట్లు మార్చారు. ఆగస్టుకల్లా ఆవిడ నలభై నిమిషాలు దిగి గంటా పావులో ఎక్కేస్తున్నారు. ఆ లెక్కన లోయలో మొదటి విశ్రాంతి చోటు దాకా దిగొచ్చు. నది అక్కడినుంచి కనబడదు. “అటు తిరిగి ఒక దండం పెట్టుకుంటే సరి,” అన్నారు ఆంటీ.

ఆగస్టు ఆఖర్లో ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సెప్టెంబరులో కుడి మోకాలికి తేదీ ఇచ్చారు. వద్దంటే మళ్ళీ ఎప్పుడో చెప్పలేమన్నారు. ఆంటీ ఫోను మీద చెయ్యి మూసి, అంకుల్ వైపు కాదు, నా వైపు చూశారు. “ఏం చెప్పమంటావు?” నేను గోడమీది క్యాలెండర్‌ని అక్టోబరుకి తిప్పాను. రూమ్మేటే, “తీసుకోండి ఆంటీ, ఇప్పుడు ఒద్దంటే మల్ల ఎప్పుడొస్తదో,” అంది. ఆవిడ చెయ్యి తీసి, “ఎస్, ఐ విల్ కమ్,” అన్నారు. అక్టోబరు ప్రయాణం అక్కడితో ఆగింది.

తర్వాత ఒక్కసారే అడిగారు. “ఏప్రిల్లోనే వెళ్ళి, పది నిమిషాలే దిగి, వచ్చేసి ఉంటే?” నాకు ఆ మాట అప్పటిదాకా తట్టనే లేదు. పది నిమిషాలకి శిక్షణ అక్కర్లేదు, శరదృతువూ అక్కర్లేదు. ముందు నది, అది కాకపోతే మంచి కాలం అనుకుంటూ పోయాను గానీ, ఆవిడ అడిగింది ఆ మోకాళ్ళతో ఒక్క నడక. తప్పు సరిదిద్దడానికి వెళ్ళి ఇంకో తప్పు చేశానా, లేక ఏదో ప్రమాదం తప్పించానా, ఇప్పటికీ ఏ రోజు ఆలోచిస్తే ఆ రోజుకి ఒక జవాబు.

ఎడమ మోకాలు ఆ తర్వాత ఏడు నెలలకి మార్చారు. నేను ఆ ఇల్లు మారాను గానీ ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. ఆంటీ ఇప్పుడు బేస్‌మెంట్ మెట్లు సెల్‌ఫోన్లో మాట్లాడుతూ దిగుతారు. పోయిన నెల, ఇక కాన్యన్‌కి వెళ్దామా అని అడిగాను. అడగడానికి మూడు ఆదివారాలు పట్టింది. “వెళ్దాంలే, తొందరేముంది? ఇవి కొత్తవి, ఎప్పుడైనా నడుస్తాయి,” అన్నారు. కాసేపు కాళ్ళు చాపుకుని వాటివైపే చూసి, “చూపిద్దామనుకున్నది ఆ పాతవాటికి కదా,” అన్నారు.

ఆవిడ కుడి మోకాలికి ఇప్పుడు రెండేళ్ళు, ఎడమదానికి ఏడాదిన్నర, మిగతా ఆవిడకి అరవై. ఈ వయసులన్నిటి మధ్యా మేము వెళ్ళని ఆ ఏప్రిల్‌ని ఎక్కడ పెట్టాలో నాకింకా తెలియడం లేదు.