హవల్దార్ గజ్జి, నా తూటా కంబళి

నా కంబళికి తూటా తగిలింది. మంచుకొండ మీద, దాన్ని కప్పుకొని నేను కాపలా కాస్తుండగా. అదే కంబళితో చివరి పోస్టింగుకు వెళ్లాను. వరంగల్‌లో జంపఖానాలు నేసే ఒక షెడ్డు. వాచ్‌మన్ పని. జనవరి, ఉదయం ఆరు గంటలు, పొగమంచు. కిట్టు: కర్ర, విజిలు, టార్చి, కంబళి.

గేటు దగ్గర నాకంటే ముందే ఒకడు డ్యూటీలో ఉన్నాడు. కుక్క. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట వెంట్రుకలూడి పొక్కులు కట్టాయి. కూర్చున్నా గోకుడే, నిలబడ్డా గోకుడే. అయినా కొత్త మనిషి వస్తే మొరగడం మానలేదు. హవల్దార్ అని పేరు పెట్టాను.

షెడ్డు సేటు ఆర్డరు వచ్చింది. "కాకా, ఆ గజ్జికుక్కను పాలకుర్తి దిక్కు ఇడిచిపెట్టి రా. పనోళ్లకు అంటుకుంటది."

"నెల టైమియ్యి సేటూ. మానకుంటే నేనే ఇడిచొస్త."

పూయడానికి పాత ఇంజనాయిలు డబ్బా తెచ్చాను. మావాళ్లంతా చేసేదే. ఎంత పూయాలో అడుగుదామని కుక్కతో పశువుల దవాఖానకు వెళ్తే, డాక్టరమ్మ డబ్బా లాక్కుంది.

"నాకితే సస్తది తాతా! రోగం రక్తంల లేదు, తోలుల ఉంది."

చెవి అంచును బ్లేడుతో గీకి మైక్రోస్కోపులో చూపింది. గుండ్రటి పురుగు, పొట్టి కాళ్లు. తోలులో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుందట. బంకరు పద్ధతి. మందు బరువును బట్టి ఇవ్వాలంది. నూలు తూచే కాంటా మీద హవల్దార్‌ను నిలబెట్టాను. పద్నాలుగు కిలోలు.

మందిస్తూ డాక్టరమ్మ చెప్పింది. "అది పండే గుడ్డలన్నీ మరిగే నీళ్లల్ల ఎయ్యి. అండ్ల కూడ పురుగులుంటయ్."

ఇరవై ఒకటో రోజు ఫోన్ చేశాను. "హవల్దార్ మళ్ల గోకుతాండు. ఓవర్."

"ఓవరేందే తాతా! గుడ్డలన్నీ ఉడకబెట్టినవా?"

"అన్నీ. ఓవర్."

అబద్ధం. కంబళి ఉడకబెట్టలేదు. ఉన్ని ఉడికితే పాడైపోతుంది. చలికి అందులో సగం హవల్దార్‌ది. నా నడుం మీదా దద్దుర్లు లేచాయి. కానీ కంబళి పోతే నాకు యుద్ధమే మిగలదు.

ఒప్పుకుంటున్నా. నాకు యుద్ధమే లేదు. సర్వీసంతా స్టోర్సులో కంబళ్లు పంచాను. ఇదీ అక్కడిదే. ఆ బొక్క తూటాది కాదు, బీడీది.

గడువు ఇంకా తొమ్మిది రోజులు. మర్నాడు ఏడింటికి నూలుకు రంగులేసే గంగాళంలో నీళ్లు మరిగించాను. కంబళి ముంచాను. ఆరాక సగమైంది. అట్టలా గట్టిపడింది. గంగాళంలో మిగిలిన రంగు పట్టి గులాబీగా తేలింది. డాక్టరమ్మకు నిజం చెప్పాను. తిట్టింది, రెండో విడత మందిచ్చింది.

ముప్పయ్యో రోజు మళ్లీ గీకి చూసింది. "పురుగు లేదు."

సేటు గేటు వైపు చూశాడు. "ఉండనియ్యి కాకా."

మార్చిలో డ్యూటీ ముగించి ఇంటికొచ్చాను. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే కనిపిస్తుంది. ఆ గులాబీ ముక్క మీద కొలిచినట్టు సరిపోయి ముడుచుకున్న హవల్దార్. చెవి అంచున కొత్త నూగు. గోకే కాలు కదలడం లేదు.

ఇదంతా చదివి వినిపిస్తే మా ఆవిడ బియ్యం ఏరడం ఆపింది.

"స్టోర్సుదా? మిలిటరీ కంబళి నువ్వు రైల్లనే పోగొట్టుకొచ్చినవ్. అది పరకాల అంగట్ల నేను కొన్నది."