సముద్రపు గాలికి కప్పిన శాలువాలు

నాకు తెనాలిలో ఒక శాలువా, బాపట్లలో ఒక శాలువా కప్పారు. నిజానికి రెండూ సముద్రపు గాలికి చెందాల్సినవి. గాలికి భుజాలుండవు కాబట్టి నేను మోశాను. ఇప్పుడు లెక్క సరిచేయాలి.

నేను బాపట్లలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. నక్షత్రాలు గంటల్లా కంపిస్తాయి. మోతను బట్టి గంట కంచుదో ఇనుముదో చెప్పినట్టే, నక్షత్రం వెలుగులో వచ్చే అతి చిన్న హెచ్చుతగ్గులను బట్టి దాని కడుపులో ఏముందో చెప్పవచ్చు. దానికి కావలసింది ఎడతెగకుండా చూడటం. మన ఊళ్లలో అది కుదరదు, రోజూ తెల్లవారుతుంది. అందుకే ఈ పని చేసేవాళ్లు నెలల తరబడి సూర్యుడు ఉదయించని ధ్రువాలకు పోతారు. లేదంటే టెలిస్కోపును ఉపగ్రహంలో పెట్టి, గాలే లేని చోటుకు పంపుతారు. నేను మాత్రం మా డాబా ఎక్కాను.

ఒక చుక్క రోజూ సాయంత్రం మసకబారి, రాత్రి గడిచేకొద్దీ తేరుకునేది. మర్నాడూ అంతే. నక్షత్రం గుండెచప్పుడు దొరికిందని అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది. విలేకరికి చెప్పాను. జిల్లా పేజీలో ‘బాపట్ల డాబా మీద నక్షత్రం నాడి’ అని వచ్చింది. వెంటనే తెనాలిలో ఒక కళాపరిషత్తు వాళ్లు ఫ్లెక్సీ కట్టి శాలువా కప్పారు. ఫ్లెక్సీ మీద నా తల వెనక శనిగ్రహం ఉంది. నేను చూసింది శనిని కాదు, కానీ దాని చుట్టూ ఉంగరం అందంగా ఉందని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఈ పనిలో మొదటి పాఠం ఒకటుంది. మనం కొలిచే చుక్కతో పాటు దాని పక్క చుక్కనూ కొలవాలి. పక్కది నిలకడగా ఉంటే మన చుక్క నిజంగా మారుతున్నట్టు. రెండూ కలిసి మారితే, మధ్యలో ఉన్న గాలి మారుతున్నట్టు. ఈ పాఠం నేను ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. నా పక్క చుక్క కూడా అదే లయలో మసకబారింది. దాన్ని నేను రెండో ఆవిష్కరణగా ప్రకటించాను. బాపట్ల శాలువా అందుకు.

రేపల్లె నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఉంది. తండ్రి మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు, లూథరన్లు. ఆ అమ్మాయి దక్షిణ ధ్రువం దగ్గర ఒక శీతకాలమంతా టెలిస్కోపును కాచుకుని వచ్చింది. తర్వాత ఉపగ్రహాలు పంపే కొలతల మీద పని చేస్తోంది. రేపల్లెలో తండ్రి పనిచేసిన స్కూలు వార్షికోత్సవానికి మా ఇద్దరినీ పిలిచారు. నేను ముఖ్య అతిథిని, ఆమె విశిష్ట అతిథి. ఈ రెండింటికీ తేడా ఏంటంటే కుర్చీ ఎత్తు.

సభలో ఒక టీచరు లేచి ఆమెను అడిగారు.

“అమ్మా, సారుగారి చుక్క మీ ధ్రువంలో కూడా అలాగే కొట్టుకుంటుందా?”

ఆమె నా వైపు చూసి, నెమ్మదిగా చెప్పింది. “లేదండి. ధ్రువం నుంచి చూశాం, ఉపగ్రహం నుంచి చూశాం. ఆ లయ ఎక్కడా లేదండి. ఒక్క బాపట్ల నుంచే కనపడుతోంది.”

జనం నవ్వారు. నేను మైకు లాక్కున్నాను.

“మా అమ్మాయి చలిలో ఉండొచ్చింది కదండి. టెలిస్కోపుతో పాటు ఇంకేం గడ్డకట్టాయో! అక్కడ చుక్కల కంటే పెంగ్విన్లే ఎక్కువండి.”

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె పనిచేసిన చోటు తీరానికి చాలా దూరం, అక్కడ పెంగ్విన్లు ఉండవు. అది నాకు తెలుసు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక మాస్టారు కూతుర్ని వెంటబెట్టుకుని, బత్తాయిలతో మా ఇంటికి వచ్చారు. గురువును పదిమందిలో కాదన్నందుకు ఆయనకు రెండు రోజులుగా అన్నం సయించలేదట.

“సారుకి సారీ చెప్పమ్మా.”

“సారీ సార్,” అంది ఆమె.

నేను క్షమించాను. క్షమించి ఊరుకోలేదు. వినయం గురించి కాసేపు మాట్లాడాను.

ఆ తర్వాతి ఏడాది సంగం జాగర్లమూడిలో చుట్టాలింటికి టెలిస్కోపు పట్టుకుపోయాను. సముద్రానికి దూరంగా వచ్చేసరికి నా చుక్కల గుండెలు రెండూ ఆగిపోయాయి. రోజూ సాయంత్రం సూర్యలంక తీరం వైపు నుంచి వచ్చే తేమగాలి వాటిని మసకబరుస్తోంది, గాలి మళ్లాక అవి తేరుకుంటున్నాయి. అంతే. నాకు తెలిసింది. నోరు మూసుకున్నాను. అప్పటికి మా కాలేజీ ప్రహరీ మీద ఆ చుక్క బొమ్మ వేయించారు, పెయింటు కొత్తది.

మొన్న తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే మాస్టారు ఎదురు సీట్లో ఉన్నారు. రిటైరయ్యారు. పక్కనున్న పెద్దాయనకు నన్ను పరిచయం చేశారు.

“మా అమ్మాయి చిన్నతనంతో సారుని సభలో తప్పు పట్టిందండి. అయినా పెద్దమనసుతో క్షమించారు.”

ఇన్నేళ్లూ ఆయన కూతుర్ని అందరికీ ఇలాగే పరిచయం చేస్తున్నారు. ఇక నేను ఉండలేకపోయాను.

“తప్పు నాదండి మాస్టారూ. అమ్మాయి చెప్పిందే నిజం. నేను చూసింది చుక్కను కాదు, సముద్రపు గాలిని.”

పక్కనున్న పెద్దాయన ముందు తేరుకున్నాడు. “అయితే గాలికి దండలేశారన్నమాట మనోళ్లు! పోన్లెండి, గాలి మాటలకి కూడా వేస్తూనే ఉన్నారుగా.”

మాస్టారు నవ్వలేదు. “ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసిందండి?”

“ఆ మరుసటి ఏడాదే.”

ఆయన ఫోను తీసి కూతురికి చేశారు, స్పీకరు పెట్టారు. “అమ్మా, సారు ఉన్నారు. నువ్వు చెప్పిందే కరెక్టంట.”



“తెలుసు నాన్నా,” అంది. తర్వాత నాతో, “సార్, రైల్లో చెబితే రేపల్లె దాకే పోద్దండి. రాయండి. నా గొప్ప వద్దు. ఎక్కడ పొరపాటు పడ్డారో రాయండి, ఇంకొకళ్లు పడకుండా ఉంటారు.”

రాస్తానన్నాను. ఆమె పెట్టేసింది. బండి రేపల్లె స్టేషన్లోకి వస్తుంటే మాస్టారు మళ్లీ నోరు విప్పారు.

“మీరు రాసుకుంటారు, మీకు తేలికవుద్ది. దాని చేత సారీ చెప్పించింది నేనండి. నేనేం చెయ్యాలి?”

నా జవాబు కోసం ఆయన ఆగలేదు. ఫోనులో మళ్లీ కూతురి నంబరు నొక్కి, ఈసారి స్పీకరు పెట్టకుండా చెవికి ఆనించుకుని, బండి పూర్తిగా ఆగకముందే తలుపు దగ్గరికి నడిచారు.