తొట్టిలో ఎర్ర పురుగులు

రాసుకో, మెల్లిగా చెప్తాను. మన పశువుల తొట్టిని శుక్రవారం బారి నుంచి కాపాడిన సంగతి ఇది.

ఆ వానాకాలం నువ్వు టెక్కలి నుంచి కాలేజీ మైక్రోస్కోపు పట్టుకుని వచ్చావు. తొట్టి అడుగు బురదలో దారప్పోగుల్లాంటి ఎర్ర పురుగులున్నాయి. కుట్టని దోమల్లాంటి ఈగల పిల్లలవి అన్నావు. తోక దగ్గర గొట్టాలు, మూతి పళ్లు చూసి రెండు జాతుల దాకా తేల్చావు. ఆ రెండింట్లో ఏదో తేలాలంటే గొంతులోని గ్రంథి తీసి, రంగు వేసి, క్రోమోజోముల చారలు చూడాలట. ముందు తీసినవి చిన్నవి, గ్రంథి చితికిపోయింది. బాగా బలిసిన పురుగు కావాలి. ఊళ్లో మిగతా తొట్లు ఒంపేశారు. ఇదీ పోతే నీ ప్రాజెక్టు లేదు.

శుక్రవారం నిలవ నీళ్లు ఒంపించే రోజు. ఆశా కార్యకర్త గేటు దగ్గరే మొదలెట్టింది.

"ఏటి పెద్దమ్మా, తొట్టి ఒంపనేదు? దోమలకి పెళ్లి సేత్తన్నావా?"

"అవి దోమలు కావే. ఎర్రగున్నాయి సూడు, అడుగున మట్టిగూళ్లు కట్టుకున్నాయి. దోమపిల్లయితే ఊపిరికి పైకి రావాల."

ఆమె వంగి చూసింది. "మరి పైన ఏలాడతన్నవి ఏటి?"

నిజమే, దోమపిల్లలూ ఉన్నాయి. నువ్వు నా మొహం చూశావు.

"నీ మనవరాలి సదువుకి మాకు జొరాలు రావాలా పెద్దమ్మా?"

"సాయంత్రం దాకా ఆగు. ఒక్కటి కనబడినా నేనే ఒంపేత్తాను," అన్నాను.

టీ వడగట్టుకునే జల్లెడ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. నీడ పడితే దోమపిల్లలు కిందికి పోతాయి. కదలకుండా ఉంటే మళ్లీ పైకొస్తాయి, అప్పుడు తీసెయ్యడమే. మీ అమ్మ అన్నానికి పిలిస్తే "ఇక్కడికే ఎట్టుకురా" అన్నాను. మోకాళ్లు పట్టేశాయి, లేవలేదు. చివరికి కొత్త దోమలు గుడ్లు పెట్టకుండా పాత చీర కప్పి కొబ్బరితాడుతో బిగించాం.

సాయంత్రం ఆశా కార్యకర్త వచ్చి, చీర ఎత్తించి, చాలాసేపు వెతికింది. "సరే. పై శుక్కురవారానికి మాత్రం ఖాళీ అవ్వాల."

ఆ వారంలోనే పురుగులు బలిశాయి. నువ్వు ఒకదాని గ్రంథి తీసి, రంగు వేసి, మీద పెట్టిన చిన్న అద్దాన్ని బొటనవేలితో నొక్కి, మైక్రోస్కోపులో చూసి, నన్ను దగ్గరికి లాగావు. పొడుగాటి పట్టీలు, వాటికి అడ్డంగా నల్లచారలు, తెల్లచారలు.

"ఇక్కడ చారల వరస తిరగబడింది సూడు నానమ్మా. ఇది రెండో జాతే."

శుక్రవారం పొద్దున్నే తొట్టి నేనే ఒంపి, నీళ్లు కొబ్బరి మొదళ్లకి వదిలాను. గేటు దగ్గర గొంతు వినిపించింది.

"ఏటి పెద్దమ్మా, సదువైపోనాదా?"

"తొట్టిది అయిపోనాది. పిల్లది ఇంకా ఉంది."