తెడ్డు పట్టింది నేనే

కొల్లాపూర్ దిగువన, డ్యాం కట్టాక నిలిచిన కృష్ణ వెనుక నీళ్లలో మాకొక పుట్టి ఉండేది. ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది. వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి బుట్ట లాంటి పడవ అది. దానికి ముందూ వెనకా అంటూ ఉండవు. నేను మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేస్తాను, మా ఆయన వంగి వల లాగుతాడు. పెళ్లయిన కొత్తలో ఆయన తెడ్డు వేస్తే నేను వల లాగేదాన్ని. రెండు రోజుల్లోనే తేలిపోయింది, ఆయన వేస్తే పుట్టి గిర్రున తిరగడమే తప్ప ముందుకు పోదని. నవ్వుకుని చోట్లు మార్చుకున్నాం. ఆ నీళ్లలో నాకంటే బాగా తెడ్డు వేసేవాళ్లను నేను చూడలేదు. గొప్పకు అనడం లేదు, ఉన్న మాటే చెబుతున్నాను.

తెలంగాణ వచ్చాక ఆ దిక్కుకు చూడ్డానికి వచ్చే జనం పెరిగారు. వాళ్లను తిప్పడానికి ఒక ఇంజన్ లాంచీ వచ్చింది. దాని డ్రైవర్‌ది నా తమ్ముడి ఈడు. ఎదురైనప్పుడల్లా "ఓ అన్నా, పుట్టి పక్కకు తియ్యి!" అని మా ఆయనను చూసి అరిచేవాడు. ఆయన వల పట్టుకునే నా దిక్కు చూసేవాడు, నేను తీసేదాన్ని. ఆ అరుపు విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది. పోనీలే అని ఊరుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున వలలో బొచ్చె చేపలు బాగా పడ్డాయి. బరువు ఆగక మా ఆయన వల తాడును మణికట్టుకు చుట్టుకుని, నడి నీళ్ల వైపు వంగి లాగుతున్నాడు. అట్లా చుట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానో, వింటేగా! అంతలో లాంచీ మా మీదికే వస్తోంది. నేను పుట్టిని ఒడ్డు వైపు తిప్పుతున్నాను. డ్రైవర్ మాత్రం ఆయన వంగిన తీరు చూసి మేము నడి నీళ్లలోకి పోతున్నామనుకున్నాడు. లాంచీని ఒడ్డు వైపే తిప్పాడు.

నేను తెడ్డు పైకెత్తి "ఆగు! ఆగు!" అని గొంతు చించుకున్నాను. వేగం తగ్గించాడు గానీ, లాంచీ వెనకాల వచ్చిన అల మా పుట్టిని ఒక పక్కకు ఎత్తేసింది. ఆయన నీళ్లలో పడ్డాడు. తాడు మణికట్టుకే ఉంది. వల ఆయనను కిందికి లాగుతోంది, రెండు బారల దూరంలో లాంచీ పంకా ఇంకా తిరుగుతోంది.

"ఇంజన్ బంద్ చెయ్! నా మొగుడు నీళ్లల్ల ఉన్నడు!"

ఇంజన్ ఆగింది. చేపలు కోసే కత్తితో తాడు కోసి, జుట్టు పట్టుకుని ఆయనను పైకి లాగాను. పుట్టి అంచు పట్టుకొమ్మని, అట్లాగే ఒడ్డుకు తెడ్డు వేశాను. అంత భయం నా జన్మలో ఎరగను.

ఆయన దగ్గుతూ ఒడ్డున కూలబడ్డాడో లేదో, డ్రైవర్ లాంచీ దిగి వచ్చి "ఏందన్నా, జర చూస్కొని నడుపొద్దా?" అన్నాడు. చూశారా, అప్పటికీ అన్నే!

"నడిపింది నేను!" అన్నాను. "తెడ్డు నా చేతుల ఉంటే ఆయన మొకం చూస్తవేందిరా? నేను ఎటు తిప్పుతున్ననో చూస్తే గింత అయ్యేదా? కండ్లు నెత్తికెక్కినయా?"

వాడు తల దించుకుని లాంచీ ఎక్కాడు.

ఆ సాయంత్రం చేపలు పట్టేవాళ్లంతా ఒడ్డున కూడారు. డ్రైవర్‌నూ పిలిపించారు. మాలో పెద్దమనిషి ఒకాయన మా ఆయనతో, "ఆడమనిషికి తెడ్డిస్తే గిట్లనే అయితది. రేపటి సంది మగమనిషిని పెట్టుకో" అన్నాడు. చాలామంది తలలూపారు. పుట్టి దిగితే నేను మళ్లీ ఎవరి పత్తి చేనుకో కూలికి పోవాలి. కూలి పని తక్కువని కాదు. నీళ్ల మీద నాకు పని చెప్పేవాళ్లు ఎవరూ లేరు, అదీ సంగతి.

డ్రైవర్ లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే పెద్దబాపూ. ఆమె తెడ్డు లేపి మొత్తుకున్నది. నేనేమో ఈ అన్న దిక్కే చూసిన."

అబద్ధమాడినా వాణ్ని అడిగేవాళ్లు లేరు. ఆ మాటతో నాకు సగం కోపం పోయింది. సగమే. మా తప్పూ ఉంది లెండి. లాంచీ పోయే దారికి అడ్డంగా వల వేశాం, ఆ నీళ్లు మా తాత తవ్వించినట్టు.

పెద్దమనిషి తగ్గలేదు. "అదంతా సరే. రేపు తెడ్డు ఎవరు పడ్తరో చెప్పు" అని మళ్లీ మా ఆయననే అడిగాడు. ఆయన మణికట్టు బూరెలా ఉబ్బి ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, "నన్నడుగుతరేంది? ఆమెనడుగుర్రి" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. ఆ ఒడ్డున అన్నేళ్లు బతికాక, నన్ను ఎవరైనా ఒక మాట అడగడం అదే మొదలు.

"నేనే పడ్త" అన్నాను. "లాంచీ బాటల వల వెయ్యం. లాంచీ మా దగ్గరికొస్తే ఇంజన్ తగ్గియ్యాలె. నేను తెడ్డుతోని చూపిన దిక్కే పోవాలె."

"సరే అక్కా" అన్నాడు డ్రైవర్, నా మొహం చూస్తూ.