ఏ ఊరి గాంధీ చౌక్

2013లో నేను కామారెడ్డిలో ఒక రెడీమేడ్ బట్టల షాపులో పనిచేసేవాణ్ణి. మాది లింగంపేట. పదో తరగతి తర్వాత ఎల్లారెడ్డిలో ఒక టైలర్ దగ్గర పని నేర్చుకున్నాను. ఆయన్ని కాకా అనేవాణ్ణి. చుట్టం కాదు, కానీ అక్కడున్నన్నాళ్లూ నా మధ్యాహ్నం అన్నం వాళ్లింట్లోనే. కామారెడ్డికి వచ్చాక ఆయనకు మొహం చూపించలేదు. రెడీమేడ్ వచ్చాక ఆయన గిరాకీ పడిపోయిందని విన్నాను. మా షాపు రెడీమేడ్ చొక్కా, ఆ అంగే తొడుక్కుని ఆయన ముందు ఎలా నిలబడను? ఇంటికి పోయినప్పుడల్లా లింగంపేటలో బస్సు దిగిపోయేవాణ్ణి. అదే బస్సులో ఇంకాస్త కూర్చుంటే ఎల్లారెడ్డి.

అప్పుడప్పుడే మా వైపు వార్తల వెబ్‌సైట్లు మొదలయ్యాయి. ఒకటి కామారెడ్డిలోనే, జిరాక్స్ షాపు మీది గదిలో నడిచేది. అందులో రాసేవాళ్లంతా పత్రికల జిల్లా పేజీలకు రాసి అలవాటైనవాళ్లు. పత్రికలో వార్త మొదట్లోనే ఊరి పేరు ఉంటుంది కాబట్టి లోపల ‘స్థానిక బస్టాండు’ అని రాస్తే సరిపోతుంది. వెబ్‌సైట్‌లో మొదట ఉండాల్సిన ఊరి పేరు ఎగిరిపోయింది, ‘స్థానిక’ మాత్రం మిగిలింది. సైటు ఏ ఊరినుంచి నడుస్తోందో కూడా ఎక్కడా రాయలేదు.

ఒకరోజు షాపులో ఫోన్‌లో ఆ సైటు చూస్తుంటే కనిపించింది: ‘స్థానిక గాంధీ చౌక్‌లోని సీనియర్ టైలర్ గుండెపోటుతో మృతి. నేడు అంత్యక్రియలు.’ పేరు కాకాదే, ఆయన దుకాణమూ ఎల్లారెడ్డి గాంధీ చౌక్‌లోనే. ఆ పేరు మా వైపు గల్లీకిద్దరికి ఉంటుంది, గాంధీ చౌక్ లేని ఊరూ ఉండదు. అదేదీ నాకు తట్టలేదు. ఫోటో ఎంతకీ తెరుచుకోలేదు.

మాలో దగ్గరివాళ్లు పోయిన మనిషి మీద కొత్త బట్ట కప్పుతారు. పక్క దుకాణంలో తెల్ల కాటన్ బట్ట చింపించాను, బస్టాండు దగ్గర బంతిపూల దండ కొన్నాను. బట్ట మంచిది చూసి తీసుకున్నాను. పదిమందీ చూస్తారు కదా అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. లింగంపేట దాటాక బస్సులోనే ఏడ్చాను.

గాంధీ చౌక్‌లో జనం లేరు. కాకా దుకాణం తెరిచే ఉంది. ఆయన మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.

దండ చేతిలో పట్టుకుని మెట్టు మీద నిలబడిపోయాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి నన్ను చూశాడు, దండను చూశాడు.

“ఎవలు పోయిండ్రురా?”

“నువ్వే కాకా” అనేశాను.

ఫోన్ తీసుకుని దూరంగా పట్టి చదివాడు. “దీంట్ల ఊరి పేరేది?” అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు, “అంటే నేను పోయిన అని వచ్చినవన్నట్టు.”

తిట్టినా బాగుండేది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆయనే బట్ట మడత విప్పి బొటనవేలితో రుద్ది చూశాడు. “మంచిగుంది. నీకు అంగి కుడత.”

“నాకెందుకు కాకా?”

“మరి నాకా? నాకిప్పట్ల అక్కెర లేదు.”

టేపు తీసి నా భుజాలు కొలిచాడు. వెనక నా కాలరు మీదికి మా షాపు లేబుల్ పొడుచుకొచ్చినట్టుంది, వేలితో లోపలికి నెట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆ సైటు ఎక్కడిదో వాకబు చేసి, ఆ గదికి పోయి అరిచాను. నడిపే అతనిది నా వయసే. “స్థానిక అంటే కామారెడ్డే గదన్నా. మేం కూసున్నది గిక్కడ్నే” అన్నాడు.

“గా ముచ్చట చదివెటోనికి ఎట్ల తెలుస్తది?”

“తప్పే అన్నా” అన్నాడు. నా ముందే ఆ వార్త మొదట ‘కామారెడ్డి’ అని చేర్చాడు. ఆ తర్వాత ప్రతి వార్తకూ ఊరి పేరు పెట్టారు, పేజీ కింద తమ చిరునామా కూడా వేశారు. కానీ ఆరోజు నేను లేచి వస్తుంటే, ఎత్తిపొడుపు లేకుండా, నిజంగానే తెలియక అడిగాడు. “అయినా అన్నా, గంత దగ్గరి మనిషైతే ఒక్క ఫోన్ చేసి అడగకపోయినవా?”

కాకా నంబరు నా దగ్గర లేదు. మెట్లు దిగి వచ్చేశాను.

ఆదివారం అంగి కోసం ఎల్లారెడ్డి పోయాను. “కాజాలు కాలే, వచ్చే ఆదివారం రా” అన్నాడు కాకా. చెప్పిన రోజుకు బట్టలివ్వని టైలర్లను తిట్టే మనిషి ఆయన. తలుపు వెనక కొక్కేనికి నా తెల్ల అంగి ఇస్త్రీ చేసి వేలాడుతోంది, కాజాలతో సహా. నేను దాన్ని చూశానని ఆయనకు తెలుసో లేదో. తల వంచుకుని సరే కాకా అన్నాను.

మళ్లీ ఆదివారం పోయాను. గుండీలు దొరకలేదన్నాడు.