గద్వాల బజారులో ఒడిబియ్యం సామాను

తొమ్మిదేళ్ల తర్వాత మా బిడ్డ సుజాత ఫోన్ చేసి, "బాపు, ఒక్కసారి వచ్చిపో" అన్నది. అంతే, ఈ ముసలి కాళ్లు నేల మీద ఆగలేదు. ఆ సంతోషం పట్టలేక మందలో మేకలకు కూడా చెప్పుకున్నాను. సుజాత గద్వాలలో మగ్గం నేసే ఇంటి పిల్లవాణ్ని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. మేము గొర్లు కాసేవాళ్లం. కులం కాదని గడప తొక్కొద్దన్నది నేనే. మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లకు తల్లిదండ్రులు జంటగా కూర్చుని ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోస్తారు. దాన్నే ఒడిబియ్యం అంటాం. నా బిడ్డకు అది దక్కనివ్వలేదు. పోసొద్దామని మా ఇంటామె ఎల్లమ్మ ఎన్నిసార్లు అడిగినా మొహం తిప్పుకున్నాను. పోయిన వానకాలం ఆమె కాలం చేసింది. ఆ బియ్యం పోయాలనే ఇంటి బియ్యం మూట కట్టుకుని బయలుదేరాను. ఇదే పని మీద వెళ్లేవాళ్లకు అక్కరకొస్తుందని రాస్తున్నాను. నాది ఏడో తరగతి చదువు, తప్పులుంటే మన్నించండి.

కల్వకుర్తిలో పొద్దున ఐదున్నరకు బస్సెక్కి నాగర్‌కర్నూల్ మీదుగా వనపర్తి చేరాను. అక్కడ బస్సు మారి పెబ్బేరు, బీచుపల్లి దాటి గద్వాలలో దిగేసరికి పది కావొచ్చింది. టికెట్లన్నీ కలిపి రెండు వందల దాకా అయ్యాయి. బీచుపల్లి వంతెన కింద కృష్ణమ్మ నిండుగా పారుతుంటే, ఎల్లమ్మకు చూపించాలని పక్కకు తిరిగాను. పక్కన ఎవరో పిల్లగాడు నిద్రపోతున్నాడు.

బస్టాండు బయట ఉగ్గాని బజ్జీ తినకుండా రావద్దు. నానబెట్టిన బొరుగుల తాలింపు, పక్కన పొగలు కక్కే మిరపకాయ బజ్జీలు, ప్లేటు నలభై రూపాయలు. నాలో నేను నవ్వుకుంటూ తింటుంటే వండే ఆమె ఎక్కడికని అడిగింది. బిడ్డ ఇంటికని చెప్పాను. "అయితే ఇంకోటి తిను పెద్దాయనా, ఆడికి పోతే మర్యాదకు సగం కడుపే తింటవ్" అని మరో బజ్జీ వేసింది.

చీరల దుకాణాలు కోట దగ్గర ఉన్నాయి, పదిన్నరకు తెరుస్తారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట చీరను తిరగేసి చూడమని, అతుకు గట్టిగా ఉంటేనే కొనమని దుకాణం ఆయనే నేర్పాడు. మా అల్లుడు నేసేవి ఇవే చీరలు, కానీ నూలూ పట్టూ పని ఇచ్చే సేటువి, నేసిన చీరా సేటుదే. నా బిడ్డ వాటిని మడత పెట్టడమే తప్ప కట్టి ఉండదు. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచుది, ఆరు వేలకు తీసుకున్నాను. చేతిలోకి తీసుకోగానే ఎంత సంబరమైందో చెప్పలేను.

తర్వాత పక్క వీధిలోని పసుపు కుంకుమల దుకాణం. ఏమేం కావాలో నాకు తెలియదు, ఆ లెక్క ఎప్పుడూ ఎల్లమ్మదే. కొట్టు నడిపే ఆమె కుడుకలు అంటే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, పోక వక్కలు, పసుపు కొమ్ములు ఐదేసి చొప్పున తనే కట్టింది. కడుతూ కడుతూ, "అమ్మ రాలేదా?" అన్నది. లేదని, కాలం చేసిందని చెప్పాను.

"మరి బియ్యం ఎవలు పోస్తరు?"

"నేనే పోస్త బిడ్డా."

ఆమె చేయి ఆగింది. "ఒక్కలు పోసేది కాదు గద పెద్దాయనా. జంట గావాలె. తమ్మునీ మరదల్నన్న తోలుకరాకపోతివి."

తమ్ముళ్లు రారు. వాళ్లకు ఆ కోపం నూరిపోసింది నేనే. పొట్లం పట్టుకుని బజారులో చాలాసేపు నిలబడ్డాను. ఇంత దూరం వచ్చి పోయకుండానే తిరిగిపోవాలా అనిపించింది.

మగ్గాల వీధిలో బిడ్డ ఇల్లు. అల్లుడు కాళ్లకు నీళ్లిచ్చాడు. సుజాత నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చివరికి నోరు తెరిచి, "మీ అమ్మ లేకుంట ఎట్ల పోయాల్నో తెల్వదు బిడ్డా" అన్నాను.

"అమ్మ పోసింది బాపు. నాలుగేండ్ల కింద. జాతరకని చెప్పి వచ్చింది."

ఆ రోజు ఆమెను బస్సెక్కించింది నేనే. ఒక్కతే ఎట్లా పోసిందని అడిగాను.

"రెండు పీటలేసుకున్నది. నీ పీట ఖాళీగనే ఉంచింది. మీ బాపు వస్తడు, జర ఆలస్యమైతది అన్నది."

సుజాత లోపలికెళ్లి ఆ రెండు పీటలే తెచ్చి వేసింది. నేను ఒకదాని మీద కూర్చున్నాను. ఎడమ పక్క పీట ఖాళీ. కొత్త చీర కట్టుకున్న నా బిడ్డ ఒడిలో ఐదుసార్లు బియ్యం పోశాను. దోసిలి నుంచి జారి కొన్ని గింజలు ఆ ఖాళీ పీట మీద పడ్డాయి. ఎవరూ వాటిని ఎత్తలేదు.

నా బిడ్డ నవ్వింది, నా జన్మకు అది చాలు. కానీ ఆ నవ్వు ఎల్లమ్మ నాలుగేళ్ల ముందే ఒక్కతే చూసింది, చూసి నాతో చెప్పుకోలేక దాచుకుంది. ఇంటికొచ్చి నా పక్కనే కూర్చుని ఎన్నిసార్లు చెప్పబోయి ఆగిందో. వెళ్లేవాళ్లకు ఒక్కమాట చెబుతాను. సామాను జాబితా రాసుకోవద్దు, దుకాణంలో అడిగితే వాళ్లే అన్నీ కట్టిస్తారు. వెళ్లడం మాత్రం ఇద్దరూ ఉండగానే వెళ్లండి.